చికిత్స గదికీ కార్యాలయానికీ మధ్య: పాఠశాల థెరపిస్టు వినతిపై ఒక విమర్శనాత్మక పరిశీలన

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• పాఠశాలలో పనిచేసే థెరపిస్టు పిల్లల పక్షాన అధికారులతో మాట్లాడటం ఎందుకు అవసరమో వివరించగలుగుతారు.
• ఈ విషయంలో చట్టాలు ఏం చెబుతున్నాయో, ఏం చెప్పకుండా వదిలేశాయో గుర్తించగలుగుతారు.
• ఒక వినతిపత్రాన్ని పాఠ్యంగా తీసుకొని అందులోని బలాన్ని, లోపాన్ని విమర్శించగలుగుతారు.
• తక్కువ ఖర్చు కోరికలకూ పిల్లల హక్కులకూ మధ్య ఉన్న ఘర్షణను చర్చించగలుగుతారు.

1. పరిచయం

విమర్శ అనగానే కథనో కవితనో ముందు పెట్టుకొని గుణదోషాలు ఎంచడం మీకు గుర్తుకు వస్తుంది. కానీ విమర్శకు లొంగని పాఠ్యమంటూ లేదు. ప్రభుత్వ ఉత్తర్వు, చట్టంలోని సెక్షన్, ప్రధానోపాధ్యాయులకు రాసిన అర్జీ, ఇవన్నీ పాఠ్యాలే. వీటిని ఎవరు రాశారు, ఎవరిని ఉద్దేశించి రాశారు, ఏ మాటను వాడారు, ఏ మాటను దాటవేశారు అని అడగడం విమర్శకుడి పని. పైగా ఒక కవిత సరిగా కుదరకపోతే పాఠకుడు పేజీ తిప్పేస్తాడు. ఒక అర్జీ సరిగా కుదరకపోతే ఒక పిల్లవాడు ఏడాదంతా మెట్ల కింద కూర్చుంటాడు. అందుకే ఈ భాగంలో మనం అర్జీని చదవబోతున్నాం.

మీలో చాలామంది ఉద్యోగం చేస్తూ చదువుతున్నవారు. అంగన్‌వాడీ టీచర్లు, విద్యా వాలంటీర్లు, ప్రైవేటు బడుల ఉపాధ్యాయులు, ప్రత్యేక అవసరాలు గల పిల్లల తల్లిదండ్రులు కూడా మీలో ఉంటారు. ఇక్కడ చెప్పేది మీకు పరీక్ష కోసం మాత్రమే పనికివచ్చేది కాదని ముందే గమనించండి.

2. నేపథ్యం: బాలానగర్ వంటి చోట

మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోని బాలానగర్‌ను ఉదాహరణ ప్రాంతంగా తీసుకుందాం. 1960లలో ఐడీపీఎల్, హెచ్ఏఎల్, కేంద్రీయ టూల్ డిజైన్ సంస్థ రావడంతో ఇది పారిశ్రామికవాడగా ఎదిగింది. వాటి చుట్టూ లేతు మిషన్ల షెడ్లు, చిన్న చిన్న వర్క్‌షాపులు వెలిశాయి. పని కోసం జిల్లాల నుండి, ఇతర రాష్ట్రాల నుండి వచ్చిన కుటుంబాల పిల్లలు ఇక్కడి బడుల్లో చేరుతారు. ఇటువైపు షిఫ్టు పనికి పోయే తల్లిదండ్రులు, అటువైపు హైటెక్ సిటీ వరకు పరచుకున్న ఐటీ ప్రాంతంలో లక్షల ఫీజు కట్టే తల్లిదండ్రులు. ఒకే నగరం, రెండు రకాల బడులు.

బాలానగర్ పొరుగునే, బోయినపల్లి మనోవికాస్‌నగర్‌లో, మేధో వైకల్యం గల వారి కోసం జాతీయ సంస్థ ఉంది. 1984లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థగా మొదలై, తరువాత పేరు మారి నేడు ఎన్ఐఈపీఐడీగా పిలవబడుతున్నది. పిల్లల సామర్థ్యాన్ని అంచనా వేసి బోధనను రూపొందించుకునే పరీక్షాపట్టికలు ఈ సంస్థలో తయారై దేశమంతటా వాడుకలోకి వచ్చాయి. అంటే జ్ఞానం కూతవేటు దూరంలోనే ఉన్నది. జ్ఞానం దగ్గరగా ఉన్నంత మాత్రాన తరగతి గదిలోకి అది నడిచి రాదు. దానిని లోపలికి తీసుకురావడానికి ఒక గది, ఒక కుర్చీ, ఒక పీరియడ్, ఒక సంతకం కావాలి. ఆ సంతకం అధికారిది. ఈ భాగంలోని సమస్య అంతా ఇక్కడే ఉన్నది.

ప్రభుత్వ రంగంలో ఈ సేవలు ప్రధానంగా సమగ్ర శిక్ష ద్వారా అందుతాయి. 2018లో సర్వశిక్షా అభియాన్, మాధ్యమిక శిక్షా అభియాన్, ఉపాధ్యాయ విద్యా పథకాలను కలిపి దీనిని ఏర్పాటు చేశారు. తెలుగు రాష్ట్రాలలో ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు మండల స్థాయిలో భవిత కేంద్రాలు ఉన్నాయి. ఐఈఆర్పీలు అనే సమ్మిళిత విద్యా రిసోర్సు పర్సన్లు అక్కడ బోధిస్తారు, బడులకు వెళ్తారు, కదలలేని పిల్లల ఇళ్లకు వెళ్తారు. ఫిజియోథెరపిస్టు సాధారణంగా వారంలో ఒక నిర్ణీత రోజు వస్తారు. వీరిపైన ప్రధానోపాధ్యాయులు, మండల విద్యాధికారి, జిల్లాలో సహిత విద్య సమన్వయకర్త, జిల్లా విద్యాధికారి, రాష్ట్ర ప్రాజెక్టు కార్యాలయం ఉంటాయి. ఈ వరుసను గుర్తుపెట్టుకోండి. ఏ మెట్టు దగ్గర ఏది మంజూరవుతుందో తెలియని వినతి సగం దారిలోనే ఆగిపోతుంది.

3. చట్టం చెప్పినది, చెప్పనిది

చట్టాన్ని విమర్శకుడి కంటితో చదువుదాం. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 అమలులోకి వచ్చింది 2017 ఏప్రిల్ 19న. ఇది 21 రకాల వైకల్యాలను గుర్తించింది. సెక్షన్ 16 ప్రకారం ప్రభుత్వ నిధులు పొందే లేదా ప్రభుత్వ గుర్తింపు పొందిన విద్యాసంస్థలు వివక్ష లేకుండా పిల్లలను చేర్చుకోవాలి, ఒక్కొక్కరి అవసరానికి తగిన సర్దుబాటు చేయాలి, వారి పాల్గొనడాన్ని, ప్రగతిని పరిశీలించాలి, రవాణా సౌకర్యం కల్పించాలి. "గుర్తింపు పొందిన" అన్న మాటను గీత గీసి పెట్టుకోండి. ఆ ఒక్క మాట వల్ల ఐటీ ప్రాంతంలోని ప్రైవేటు బడి కూడా ఈ సెక్షన్ పరిధిలోకి వస్తున్నది.

సెక్షన్ 17 ప్రభుత్వాల బాధ్యతలు చెబుతుంది. ఐదేళ్లకు ఒకసారి బడి పిల్లల సర్వే, వనరుల కేంద్రాలు, 18 ఏళ్ల వరకు ఉచిత పుస్తకాలు, సహాయక పరికరాలు, పరీక్షలలో అదనపు సమయం, రాత సహాయకుడు వంటివి ఇందులో ఉన్నాయి. సమ్మిళిత విద్యకు తోడ్పడే "నిపుణులకు, సిబ్బందికి" శిక్షణ ఇవ్వాలని కూడా ఉంది. ఇప్పుడు ఒక పాఠకుడిగా అడగండి: ఈ విద్యా అధ్యాయంలో థెరపిస్టు ఎక్కడ? ఆ పేరుతో లేడు. "నిపుణులు" అన్న సాధారణ పదంలో దాగి ఉన్నాడు. పేరు లేనివారికి పోస్టు అడగడం కష్టం.

దీనికి పక్కన సుప్రీంకోర్టు తీర్పును పెట్టి చూడండి. 2021 అక్టోబరు 28న రజనీశ్ కుమార్ పాండే కేసులో ప్రత్యేక విద్యా ఉపాధ్యాయుల నియామకంపై కోర్టు తీర్పు ఇచ్చింది. ఆ తరువాత 2022లో కేంద్రం ప్రాథమిక స్థాయిలో 10 మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒకరు, ఆపై స్థాయిలో 15 మందికి ఒకరు అన్న నిష్పత్తిని నిర్దేశించింది. 2025 మార్చిలో రాష్ట్రాలు పోస్టులను మంజూరు చేయాలని కోర్టు మళ్లీ ఆదేశించింది. ఇది గొప్ప ముందడుగు. అయితే ఈ నిష్పత్తి ప్రత్యేక విద్యా ఉపాధ్యాయులకు సంబంధించినది. ఫిజియోథెరపిస్టుకు, ఆక్యుపేషనల్ థెరపిస్టుకు, స్పీచ్ థెరపిస్టుకు అటువంటి అంకె లేదు. కార్యాలయ భాషలో అంకె లేనిదానికి ఖాళీ ఉండదు, ఖాళీ లేనిదానికి నియామకం ఉండదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. స్పీచ్ థెరపిస్టు, ప్రత్యేక ఉపాధ్యాయుడు 1992 నాటి భారత పునరావాస మండలి చట్టం కింద నమోదవుతారు. ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ వృత్తులు 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం పరిధిలోకి వస్తాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలు ఆరోగ్య శాఖలో ఉన్నాయి. భవిత కేంద్రం విద్యాశాఖలో ఉంది. పిల్లవాడు ఒక్కడే, ఫైళ్లు మాత్రం వేర్వేరు శాఖల్లో. ఈ విభజనను గమనించకుండా థెరపిస్టును "సరిగా అడగలేదు" అని తప్పుపట్టడం అన్యాయం.

4. ప్రచారంలో ఉన్న సలహాలపై విమర్శ

పాఠశాల థెరపిస్టులకు ఇచ్చే సలహాలు చాలావరకు అమెరికా నుండి వచ్చినవి. అధికారితో సత్సంబంధం పెంచుకోండి, గణాంకాలు చూపండి, మీ సేవ వల్ల బడికి లాభమేమిటో చెప్పండి, సమస్యతో కాక పరిష్కారంతో వెళ్లండి. వినడానికి ఇవి బాగున్నాయి. వీటిలో తప్పు లేదు. లోపం ఇవి మాట్లాడకుండా వదిలేసిన చోట ఉంది.

అమెరికాలో 1975 నాటి చట్టం, దాని తరువాతి రూపాలు స్పీచ్ థెరపీ, ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీలను విద్యకు అనుబంధ సేవలుగా పేరుపెట్టి గుర్తించాయి. ప్రతి అర్హుడైన పిల్లవాడికి వ్యక్తిగత విద్యా ప్రణాళిక తప్పనిసరి. అందులో ఎన్ని నిమిషాల థెరపీ ఇవ్వాలో రాసి ఉంటుంది. అక్కడ థెరపిస్టు వెనుక ఒక రాతపూర్వక పత్రం నిలబడి ఉంది. కాబట్టి మాట్లాడే నేర్పు చాలావరకు సరిపోతుంది. మన దగ్గర ఆ పత్రం వెన్నుదన్నుగా లేని చోట అదే సలహా ఇస్తే, వ్యవస్థ లోపం వ్యక్తి నేర్పు లోపంగా మారిపోతుంది. "అడగనిదే అమ్మయినా పెట్టదు" అంటాం. నిజమే. కానీ అమ్మ చేతిలో గరిటె ఉందా లేదా అన్నది ముందు చూడాలి.

ఆ సాహిత్యంలో మనం తప్పక తీసుకోవలసిన భావన ఒకటి ఉంది. అది పిల్లల సంఖ్యకూ పని భారానికీ మధ్య తేడా. అక్కడి స్పీచ్ థెరపిస్టుల వృత్తి సంఘం ఈ తేడాను గట్టిగా ముందుకు తెచ్చింది. "నా దగ్గర 16 మంది పిల్లలు ఉన్నారు" అనడం ఒకటి. ఆ 16 మంది కోసం అంచనా వేయడం, టీచరుతో మాట్లాడటం, తల్లికి నేర్పడం, పరికరం సరిచేయడం, రికార్డు రాయడం, ఒక బడి నుండి మరో బడికి ప్రయాణించడం, వీటన్నిటికీ పట్టే సమయం మరొకటి. మన కార్యాలయాలు మొదటిదే అడుగుతాయి. రెండోదాన్ని థెరపిస్టు తనంతట తాను చూపాలి.

5. ఒక లెక్క

ఊహకు ఒక లెక్క వేద్దాం. థెరపిస్టు వారానికి ఒక రోజు, నాలుగు గంటలు, అంటే 240 నిమిషాలు కేంద్రంలో ఉంటారనుకోండి. 16 మంది పిల్లలు వస్తే ఒక్కొక్కరికి 15 నిమిషాలు. విద్యాహక్కు చట్టం, 2009 షెడ్యూలు ప్రకారం 1 నుండి 5 తరగతులకు ఏడాదిలో కనీసం 200 పనిదినాలు, 800 బోధనా గంటలు ఉండాలి. వారానికి ఆరు రోజుల చొప్పున 200 పనిదినాలంటే సుమారు 33 వారాలు. ఒక్క వారమూ తప్పకపోతే పిల్లవాడికి అందేది 33 సార్లు 15 నిమిషాలు, అంటే 495 నిమిషాలు. ఎనిమిది గంటల పైచిలుకు.

800 గంటల పక్కన ఎనిమిది గంటలు. నూటికి ఒకటి.

ఈ లెక్క రెండు వైపులా పదునున్న కత్తి. "నూటికి ఒక వంతుతో ఏం ఒరుగుతుంది, సెషన్లు పెంచండి" అని అడగవచ్చు. "మిగతా 99 వంతుల్లో పిల్లవాడు ఎలా కూర్చుంటున్నాడు, ఎలా రాస్తున్నాడు, మూత్రశాలకు ఎలా వెళ్తున్నాడు" అని కూడా అడగవచ్చు. నా అభిప్రాయంలో రెండో ప్రశ్న మొదట రావాలి. అది ప్రధానోపాధ్యాయుల పరిధిలోనిది. కానీ అధికారి వెంటనే, "అయితే టీచరే చూసుకుంటుంది కదా, థెరపిస్టు ఎందుకు?" అనవచ్చు. జవాబు సిద్ధంగా ఉంచుకోవాలి. ఏ కుర్చీ, ఎంత ఎత్తు, ఎంతసేపటికి భంగిమ మార్చాలి అన్నది నిర్ణయించేది థెరపిస్టు. దానిని రోజూ అమలుచేసేది టీచరు. చీటీ రాసే డాక్టరు రోజుకు మూడుసార్లు వచ్చి మాత్ర వేయనంత మాత్రాన డాక్టరు అనవసరం కాడు.

6. రెండు వినతులు: పాఠ్య విశ్లేషణ

కింది రెండు వినతులు అభ్యాసం కోసం నేను కూర్చినవి. పిల్లవాడు, బడి, అంకెలు కల్పితం. రెండూ ఒకే నాలుగో తరగతి పిల్లవాడి గురించినవే.

మొదటి వినతి:

"గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులు గారికి. నాలుగో తరగతి విద్యార్థికి స్పాస్టిక్ డైప్లీజియా ఉన్నది. కింది అవయవాలలో టోన్ అధికం. ట్రంక్ కంట్రోల్ తక్కువ. కావున తగిన సీటింగ్, పొజిషనింగ్ కల్పించి, థెరపీ సెషన్లు పెంచవలసిందిగా ప్రార్థన."

రెండో వినతి:

"గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులు గారికి. నాలుగో తరగతి విద్యార్థి కాళ్ల బిగువు వల్ల బెంచీపై నడుము నిలపలేడు. ఒక వారం గమనించాం. మొదటి రెండు పీరియడ్లు నోటుబుక్కులో రాస్తున్నాడు, మూడో పీరియడ్ నుండి రాయడం లేదు. తరగతి మొదటి అంతస్తులో ఉన్నది. తండ్రికి ఉదయం షిఫ్టు ఉన్న రోజు ఎత్తుకొని మెట్లు ఎక్కించేవారు లేక బడికి రావడం లేదు. గత నెల 24 పనిదినాల్లో 9 రోజులు రాలేదు. కోరేవి: ఒకటి, నాలుగో తరగతిని కింది గదికి మార్చడం. ఇది తమ పరిధిలోనిది. రెండు, చేతులున్న కుర్చీ, పాదాల కింద పీట. పాఠశాల గ్రాంటు నుండి ఇవ్వవచ్చు. కొలతలు జతచేశాను. మూడు, ప్రత్యేక కుర్చీ కోసం కొలతల శిబిరానికి ఈ విద్యార్థి పేరును ఎంఈవో గారి ద్వారా జిల్లా సమన్వయకర్తకు పంపగలరు. ఆరు వారాల తరువాత హాజరు, రాతపని మళ్లీ చూసి తెలియజేస్తాను. తల్లిదండ్రుల సమ్మతి జతచేశాను."

ఇప్పుడు విమర్శ మొదలుపెడదాం. మొదటి వినతిలో అబద్ధం లేదు. వైద్యపరంగా అది కచ్చితమైనది. కానీ అది థెరపిస్టు మరో థెరపిస్టుకు రాసిన ఉత్తరం. చదివే వ్యక్తికి "టోన్" అంటే ఏమిటో తెలియదు. "తగిన" అన్న మాటకు కొలత లేదు. "కల్పించి" అన్న క్రియకు కర్త లేడు. "సెషన్లు పెంచడం" ప్రధానోపాధ్యాయుల చేతిలో లేదు. కనుక ఆయన దానిని మర్యాదగా ఫైల్లో పెడతారు. అది నిరాకరణ కాదు, నిరాకరించే అవసరం కూడా రాలేదు.

రెండో వినతిలో నాలుగు మార్పులు గమనించండి. రోగం పేరుకు బదులు తరగతిలో కనిపించే నష్టం ఉంది. ఆ నష్టం ప్రధానోపాధ్యాయులు రోజూ చూసే హాజరు పట్టికలోనే ఉంది. ప్రతి కోరికకు ఎవరు, ఏ పద్దు నుండి అన్నది ఉంది. చివరగా, తిరిగి వస్తానన్న తేదీ ఉంది. ఆ తేదీ లేని వినతి జ్ఞాపకం నుండి జారిపోతుంది.

అయితే రెండో వినతిని కూడా మెచ్చుకొని వదిలేయకూడదు. దానిలో ఒక లోతైన ప్రమాదం ఉంది. అది అడిగినవన్నీ చవకైనవి. గది మార్పు, కుర్చీ, పీట, ఒక కాగితం. సెషన్ల కోరిక మాయమైంది. రవాణా కోరిక మాయమైంది. తండ్రి ఎత్తుకొని తేవడమే సహజమన్నట్టు వినతి మౌనంగా ఒప్పుకున్నది. సెక్షన్ 16 రవాణా సౌకర్యం గురించి స్పష్టంగా చెబుతున్నది కదా! ఎప్పుడూ ఇవ్వగలిగినదే అడిగే థెరపిస్టు, తనకు తెలియకుండానే, ఈ పిల్లవాడికి ఇంతే చాలునని వ్యవస్థకు నేర్పుతాడు. వినతి ఫలించింది, హక్కు కుంచించుకుపోయింది. ఈ భాగంలో మీరు మరచిపోకూడని వాక్యం ఏదైనా ఉంటే అది ఇదే.

చట్టంలో "సహేతుక సర్దుబాటు" నిర్వచనం సంస్థపై అసమంజసమైన భారం పడకూడదు అంటుంది. అది మితిమీరిన భారానికి పెట్టిన హద్దు. ఖర్చు ఉన్న ప్రతి కోరికనూ తోసిపుచ్చడానికి ఇచ్చిన అనుమతి కాదు.

7. ఘర్షణకు ఒక పరిష్కారం: రెండు పట్టికలు

ఈ ఘర్షణను ఎలా దాటాలి? నా సూచన ఏమిటంటే, థెరపిస్టు రెండు పట్టికలు నడపాలి. ఒకటి ఈ వారం కోరేవి. రెండోది ఈ సంవత్సరం తీరని అవసరాలు. మొదటిది ప్రధానోపాధ్యాయులకు వెళ్తుంది. రెండోది తేదీలతో పెరుగుతూ ఉంటుంది: రవాణా లేక రాని రోజులు, థెరపిస్టు రాని వారాలు, స్పీచ్ థెరపీ అవసరమై కూడా అందని పిల్లల సంఖ్య, శిబిరంలో కొలతలు తీసుకొన్నా ఇంకా చేరని పరికరాలు.

రెండో పట్టిక ఎక్కడికి వెళ్లాలి? ఇక్కడ విద్యాహక్కు చట్టాన్ని జాగ్రత్తగా చదివితే ఒక తలుపు కనిపిస్తుంది. సెక్షన్ 21 ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు ఉండాలి, సగం మంది మహిళలు ఉండాలి, ప్రతికూల వర్గాల పిల్లల తల్లిదండ్రులకు దామాషా ప్రాతినిధ్యం ఉండాలి. 2012 సవరణ వైకల్యం గల పిల్లలను ఆ ప్రతికూల వర్గంలో చేర్చింది. రెండింటినీ కలిపి చదవండి. ప్రత్యేక అవసరాలు గల పిల్లల తల్లికి ఆ కమిటీలో కూర్చునే హక్కు ఉన్నది. సెక్షన్ 22 ప్రకారం ఆ కమిటీ తయారుచేసే పాఠశాల అభివృద్ధి ప్రణాళిక, ప్రభుత్వ ప్రణాళికలకు, గ్రాంట్లకు ఆధారం కావాలి. అంటే తీరని అవసరాల పట్టికకు చట్టబద్ధమైన గమ్యం ఉంది. తెలంగాణలో 2024లో మహిళా సంఘాల బాధ్యతతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఏర్పడి మరమ్మతులు, మౌలిక వసతుల పనులు చేపట్టాయి. ర్యాంపు, పట్టుకునే కడ్డీలున్న మరుగుదొడ్డి వంటి కోరికలకు ఆ కమిటీ కూడా ఒక చిరునామా.

దానికి పైమెట్టు కూడా ఉన్నది. 2017 నాటి కేంద్ర నియమావళి ప్రకారం దివ్యాంగ పిల్లల ప్రవేశాలు, సౌకర్యాల విషయాలు చూడటానికి జిల్లా విద్యాధికారి కార్యాలయంలో ఒక నోడల్ అధికారి ఉండాలి. ఆపైన రాష్ట్ర కమిషనర్ ఉన్నారు. ఈ మెట్లన్నీ మొదటి రోజే ఎక్కనవసరం లేదు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు? కానీ గొడ్డలి ఎక్కడుందో తెలిసి ఉండాలి.

8. ఎవరు సంతకం పెట్టాలి?

ఇంతవరకు చెప్పినదాన్ని చదివి మీలో ఒకరు అడగవచ్చు: "సార్, ఒప్పంద ఉద్యోగి ఇన్ని రాస్తే మరుసటి ఏడాది ఉద్యోగం ఉంటుందా?" ఇది న్యాయమైన ప్రశ్న. సమగ్ర శిక్షలో ఐఈఆర్పీలతో సహా ఎందరో ఒప్పంద పద్ధతిలో పనిచేస్తున్నారు. 2024 డిసెంబరులో తెలంగాణలో ఈ ఉద్యోగులు క్రమబద్ధీకరణ కోరుతూ సమ్మె చేశారు. తన స్థానమే స్థిరంగా లేని మనిషిని పిల్లల తరఫున స్థిరంగా నిలబడమని బోధించే సలహా సాహిత్యం ఈ వాస్తవాన్ని పట్టించుకోదు.

అందువల్ల పనిని విభజించుకోవాలి. గమనించిన వాస్తవం, కొలత, వృత్తిపరమైన సిఫారసు థెరపిస్టు సంతకంతో ఉండాలి. అది ఉద్యోగ ధర్మం, దానికి ఎవరూ అభ్యంతరం చెప్పలేరు. హక్కును కోరే కాగితం తల్లిదండ్రుల సంతకంతో ఉండాలి. హక్కుదారు వారే. థెరపిస్టు చేయవలసింది ఆ తల్లికి నివేదిక ప్రతిని ఇవ్వడం, అది ఆమెకు అర్థమయ్యే భాషలో ఉండేట్టు చూడటం. బాలానగర్ వంటి చోట ఆ భాష తెలుగే కావాలని లేదు, హిందీయో ఒడియానో కావచ్చు.

ప్రైవేటు బడిలో సమస్య వేరు. అక్కడ థెరపిస్టు జీతం బడి ఇస్తుంది. పిల్లవాడి వెంట ఉండే షాడో టీచరు ఖర్చు తల్లిదండ్రులపై వేయడం మామూలైపోయింది. సెక్షన్ 16 బాధ్యతను సంస్థపై పెడుతుంటే, ఆచారం దానిని కుటుంబంపైకి నెడుతున్నది. యాజమాన్య కమిటీ నిబంధన ప్రభుత్వ సాయం లేని ప్రైవేటు బడులకు వర్తించదు. కనుక అక్కడ తల్లిదండ్రులకు కమిటీ తలుపు లేదు. "ఈ పిల్లవాడికి మా బడి సరిపోదు" అన్న వాక్యం రాసిపెట్టమని థెరపిస్టును అడిగినప్పుడు, పిల్లవాడి అవసరాలు రాయడం వరకే తన పని అని, బడి చేతకానితనానికి వైద్య భాష తొడగడం తన పని కాదని ఆమె చెప్పగలగాలి. మర్యాదగానే చెప్పవచ్చు.

ఐటీ ప్రాంతం దగ్గరగా ఉండటంతో మరో మార్గం కూడా కనిపిస్తుంది. 2013 కంపెనీల చట్టం సెక్షన్ 135 ప్రకారం నిర్ణీత పరిమాణం దాటిన కంపెనీలు సగటు లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యత పనులకు ఖర్చు చేయాలి. ప్రత్యేక విద్య ఆ జాబితాలో ఉంది. ఈ నిధులను వద్దనకూడదు. అయితే పరికరం కొనడం తేలిక, ఫొటో దిగడం తేలిక. నెలనెలా జీతం ఇవ్వడం కష్టం. థెరపిస్టు లేని థెరపీ గది తాళం వేసిన గ్రంథాలయం వంటిది. దాత ముందు అడగవలసిన మొదటి ప్రశ్న, "ఈ గదిలో రెండో ఏడాది ఎవరు పనిచేస్తారు?" అన్నది. పిల్లవాడి ఫొటోను, రోగ వివరాలను నిధుల కోసం బయట పెట్టకూడదన్నది వేరే చెప్పనవసరం లేదు.

ప్రభుత్వ పద్దులోని పరిమితిని కూడా చూడండి. సమగ్ర శిక్ష కేంద్ర నిబంధనల్లో ప్రత్యేక అవసరాలు గల ఒక్కో విద్యార్థికి ఏడాదికి 3,500 రూపాయల వరకు కేటాయింపు ఉంది. పది నెలలకు పంచితే నెలకు 350. ఇది పిల్లవాడి చేతికి ఇచ్చే డబ్బు కాదు, పలు సేవలకు కలిపి వేసుకునే లెక్క. ఈ అంకె తెలిస్తే మండల విద్యాధికారి "చూద్దాం" అన్నప్పుడు అది ఎప్పుడు నిర్లక్ష్యమో, ఎప్పుడు నిస్సహాయతో తేడా తెలుస్తుంది. నిర్లక్ష్యం దగ్గర పట్టుదల చూపాలి. నిస్సహాయత దగ్గర అదే అధికారికి పైకి పంపడానికి పనికివచ్చే కాగితం చేతికివ్వాలి.

9. సారాంశం

పాఠశాల థెరపిస్టు వినతి ఫలించడం మాటతీరుపై మాత్రమే ఆధారపడదు. తరగతిలో కనిపించే నష్టాన్ని చెప్పడం, ఎవరు ఏది మంజూరు చేయగలరో తెలిసి అడగడం, తేదీతో తిరిగి వెళ్లడం మొదటి మెట్టు. చట్టం థెరపిస్టును పేరుపెట్టి లెక్కించకపోవడం వ్యవస్థ లోపం. దానిని వ్యక్తి నేర్పు పూడ్చలేదు. చవకైన కోరికలతో ఆగిపోతే హక్కు కుదించుకుపోతుంది. కాబట్టి తీరని అవసరాల పట్టికను నడిపి, తల్లిదండ్రుల ద్వారా, పాఠశాల అభివృద్ధి ప్రణాళిక ద్వారా పైకి చేర్చాలి. అధికారిని శత్రువుగానో దాతగానో చూడటం రెండూ పొరపాట్లే. ఆయన ఒక బాధ్యత గల పదవిలో ఉన్న మనిషి. ఆ బాధ్యతను ఆయన నిర్వర్తించడానికి వీలైన రూపంలో అతని బల్లమీద పెట్టడం మన పని.

10. మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. దివ్యాంగుల హక్కుల చట్టం సెక్షన్ 16లో "గుర్తింపు పొందిన" అన్న మాట ప్రాముఖ్యం ఏమిటి?
2. పిల్లల సంఖ్యకూ పని భారానికీ తేడాను ఒక ఉదాహరణతో వివరించండి.
3. విద్యాహక్కు చట్టం సెక్షన్ 21ని, 2012 సవరణను కలిపి చదివితే ఏ హక్కు తెలుస్తుంది?

నమూనా పరీక్షా ప్రశ్నలు

1. "వినతి ఫలించింది, హక్కు కుంచించుకుపోయింది." ఈ వాక్యాన్ని రెండో వినతి ఆధారంగా చర్చించండి.
2. విదేశీ సలహా సాహిత్యాన్ని మన పరిస్థితులకు అన్వయించడంలో గల ఇబ్బందులను విమర్శించండి.
3. మీ ఊరి బడిలో మీరు గమనించిన ఒక అవసరంపై, పిల్లవాడి పేరు రాయకుండా, ప్రధానోపాధ్యాయులకు ఒక వినతి రాయండి. తరువాత ఆ వినతిని మీరే ఒక పేజీకి మించకుండా విమర్శించండి. మీరు ఏది అడగకుండా వదిలేశారో, ఎందుకు వదిలేశారో అందులో తప్పక చెప్పండి.